ఒక్కరే నిలబడాలి

పన్నెండు జెర్సీలు నానేసిన టబ్బు ముందు పీట వేసుకుని కూర్చుంటే, ఏ జెర్సీ ఏ పిల్లదో సత్యకుమారి నంబరు చూడకుండానే చెప్పగలదు. ఇందులో అద్భుతమేమీ లేదు. ఆమె భర్త శివరామకృష్ణ తణుకులో ఒక ఆడపిల్లల కాలేజీకి ఫిజికల్ డైరెక్టరు, అక్కడి బాస్కెట్‌బాల్ జట్టుకి కోచ్. చాకలికి వేస్తే రంగులు పాడవుతాయని ఆయన తొమ్మిదేళ్ళ క్రితం ఒకసారి అన్నాడు. ఆ ఒక్క మాట కారణంగా అప్పటినుంచీ జట్టు బట్టలన్నీ ఈ ఇంటి పెరట్లోనే ఉతుకుతున్నారు. 'ఉతుకుతున్నారు' అనేది మర్యాదకి వాడే బహువచనం. ఉతికేది ఒక్కరే.

కారణం ఆయనది గానీ, దాని ఫలితం ఆయన ఊహించనిది. తొమ్మిదేళ్ళు ఒక జట్టు బట్టలు ఉతికిన మనిషికి, ఆ జట్టులో ఎవరు నిజంగా ఆడుతున్నారో, ఎవరు ఆడినట్టు కనిపిస్తున్నారో తెలిసిపోతుంది. మురికికి మొహమాటం లేదు. కాలేజీ కోర్టు సిమెంటుది, చుట్టూ ఎర్రమట్టి. రమ్యశ్రీ జెర్సీకి మెడ దగ్గర కాస్త చెమట తప్ప ఏమీ ఉండదు. పొడుగరి, బంతి చేతికొస్తే బుట్టలో వేస్తుంది, వేశాక సగం కోర్టు దగ్గర ఆగి జడ సవరించుకుంటుంది. లోవలక్ష్మి నిక్కరు రెండు పక్కలా సిమెంటుకి రాసుకుని పీచు లేచిపోయి ఉంటుంది, బంతి కోసం నేలమీద పడే పిల్ల కనక. దుర్గాశ్రీ జెర్సీకి వీపు మీద కుట్లు నిలవవు. ఆ పిల్లని దాటి బుట్ట కిందికి పోలేక అవతలివాళ్ళు పట్టుకుని లాగుతారు. సారిక జెర్సీ మీద ఆమె చెమట కన్నా ఎదుటివాళ్ళ చెమటే ఎక్కువ, అంత దగ్గరగా అంటిపెట్టుకుని తిరుగుతుంది. ఏసమ్మ జెర్సీ మాత్రం కొత్తదానిలా ఉంటుంది. ఆమెని ఆడనివ్వరు.

సత్యకుమారి ఒకప్పుడు వాల్తేరులో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ చదువుతూ యూనివర్సిటీ జట్టుకి ఆడింది. బంతి వెయ్యడం కాదు, వెయ్యనివ్వకపోవడం ఆమె పని. ఆ రోజుల్లో శివరామకృష్ణ ఈటె విసిరేవాడు. పెళ్ళయ్యాక ఉద్యోగంలో బాస్కెట్‌బాల్ నేర్పవలసి వచ్చినప్పుడు, భోజనాల బల్ల మీద గ్లాసులూ చెంచాలూ అటూ ఇటూ జరిపి ఆమే ఆయనకి ఆట నేర్పింది. ఆయనకి ఆట గుర్తుండిపోయింది. గ్లాసులు జరిపిన చెయ్యి గుర్తులేదు.

రేపు రాజమండ్రిలో ఫైనల్ అనగా, శివరామకృష్ణ భోజనానికి కూర్చుని, ముద్దకీ ముద్దకీ మధ్య తన ఐదుగురినీ ప్రకటించాడు. సత్యకుమారి నిలబడి వడ్డిస్తోంది. నిలబడ్డానికీ ఒక చరిత్ర ఉంది. కాపురానికొచ్చిన కొత్తలో ఆమె కూడా కంచం తెచ్చుకుని కూర్చోబోతే, అత్తగారు రత్నమాణిక్యం ఎంతో ప్రేమగా, "కూర్చుంటే మళ్ళీ లేవాలి కదమ్మా, నిలబడే ఉన్నావనుకో, లేచే శ్రమ ఉండదు," అంది. ఆ తర్కాన్ని ఖండించడానికి ఎమ్మెస్సీ చాలలేదు. ఇరవై నాలుగేళ్ళుగా సత్యకుమారికి లేచే శ్రమ లేదు.

"రమ్యశ్రీ, దానికి తోడు నలుగురు షూటర్లు. మొదటి పది నిమిషాల్లో ఇరవై వేసేస్తే కాకినాడ వాళ్ళు ఇక తేరుకోలేరు," అన్నాడు.

"కిందటేడు యాభై ఎనిమిది వేశామండి. ఓడిపోయాం."

"అదే చెప్తున్నా. ఇంకో నాలుగు వేస్తే గెలిచేవాళ్ళం."

"వాళ్ళు అరవై ఒకటి వేశారు. అందులో ముప్ఫై మూడు ఆ పదకొండో నంబరు అమ్మాయివే. ఆ అమ్మాయిని ఆపితే..."

"ఆపడానికి ఎవరున్నారు నీ దగ్గర?"

పెరట్లో దండెం మీద ఆరుతున్న వరుసలోంచి ఏరినట్టు ఆమె చెప్పింది. లోవలక్ష్మి, సారిక, దుర్గాశ్రీ, ఏసమ్మ, రమ్యశ్రీ.

శివరామకృష్ణకి నవ్వుతో పొలమారింది. నెత్తి మీద తట్టి, మంచినీళ్ళు ఇచ్చిందీ ఆమే. "లోవలక్ష్మా! బంతి కన్నా జానెడు పొడుగుంటుందేమో. సారిక ఈ ఏడంతా ఒక్క బుట్ట వేసిందా? దుర్గాశ్రీ పరిగెడితే కోర్టు బీటలిస్తుంది. ఏసమ్మకైతే నోరు ఆగదు. చూడు సత్యా, ఆపడం చూడ్డానికి జనం రారు. కప్పు రాకపోతే జట్టు తీసేసి కోర్టులో కాలేజీ బస్సులు పెట్టుకుంటామని కరస్పాండెంట్ గారు మొహమ్మీదే చెప్పారు. నీ ఐదుగుర్నీ దింపితే ఆ బస్సుల్లో ఒకటి నేనే తోలుకోవాలి. పప్పు ఇలా వెయ్యి."

ఆమె పప్పు వేసింది. వేస్తూ ఆలోచించింది. వేసిన బుట్ట బోర్డుకెక్కుతుంది, వెయ్యనివ్వని బుట్ట ఎక్కడా ఎక్కదు. పాలు పొంగిపోయిన రోజు ఇంటిల్లిపాదికీ గుర్తుంటుంది, పొంగని ఎనిమిదివేల రోజుల్లో పొయ్యి దగ్గర ఎవరున్నారని ఎవరూ అడగరు. అయినా ఆపడం అనేది ఆ పిల్లలకి కోర్టులో అబ్బిన విద్య కాదు. లోవలక్ష్మి తెల్లారగట్లే తల్లితోపాటు చేపల మార్కెట్టులో కూర్చుంటుంది. బేరం కుదరక వెళ్ళిపోతున్నట్టు నటించేవాళ్ళ మొహం ఆ పిల్ల చూడదు, పాదాలు చూస్తుంది. మొహం వెళ్ళిపోతానంటుంది, పాదాలు మాత్రం బుట్ట వైపే తిరిగి ఉంటాయి. సారిక తన పిన్ని కొడుకుని, పాకే పిల్లవాణ్ణి, పొయ్యి దగ్గరికి పోకుండా రోజంతా అడ్డుకుంటుంది. ముట్టుకుంటే ఏడుస్తాడు కాబట్టి ముట్టుకోకుండానే అడ్డుకోవడం అలవాటైంది. దుర్గాశ్రీ అత్తిలి నుంచి వస్తుంది. బస్సెక్కేటప్పుడు ఆ పిల్ల వెనకున్నవాళ్ళు వెనకే ఉంటారు. ఇక ఏసమ్మ. చర్చిలో ఆదివారం బడి పిల్లల్ని నలభైమందిని ఒక్క గొంతుతో కూర్చోబెడుతుంది. ఆడపిల్లకి అంత గొంతేమిటని ఇంట్లోనూ కాలేజీలోనూ ఆ పిల్లని తిట్టనివాళ్ళు లేరు. కానీ మిగతా నలుగురూ ఎదుటివాళ్ళ మీదే కళ్ళు పెట్టి కాపలా కాస్తున్నప్పుడు, వెనక నుంచి ఎవరొస్తున్నారో అరిచి చెప్పే నోరు ఒకటి ఉండాలి. లేకపోతే ఆ నలుగురూ నాలుగు దిక్కులే, జట్టు కాదు.

ఇదంతా ఆమె చెప్పలేదు. ఆయన మజ్జిగకొచ్చేశాడు.

మర్నాడు పొద్దున్నే పిల్లలతో కాలేజీ వ్యానులో రాజమండ్రి వెళ్ళింది సత్యకుమారి. ఆడపిల్లల జట్టు వెంట ఒక మహిళ తప్పనిసరిగా ఉండాలని టోర్నమెంటు నియమం. కాలేజీ నుంచి ఒక లెక్చరర్‌ని పంపించడం దండగని, దరఖాస్తులో 'అసిస్టెంట్ కోచ్' అన్న చోట భార్య పేరు రాసింది శివరామకృష్ణే. ఆ హోదాలో ఆమె చేసే పని, తువాళ్ళూ గ్లూకోజూ పిన్నీసులూ ఉన్న సంచీ మొయ్యడం. ఆయన మాత్రం కరస్పాండెంట్ కారులో ముందే బయల్దేరాడు. గెలుపు కోసం కోరుకొండ నరసింహస్వామికి కొబ్బరికాయ కొట్టి అటునుంచి అటే వస్తామన్నారు.

ఆట ఇరవై నిమిషాల్లో ఉందనగా ఫోనొచ్చింది.

"సత్యా, చిన్న ఇబ్బంది. కరస్పాండెంట్ గారు మెట్లెక్కడం ఎక్కేశారు గానీ దిగలేకపోతున్నారు. మోకాళ్ళు పట్టేశాయి. మెట్టు మెట్టుకీ కూర్చుంటున్నారు."

"మీరు ముందు దిగి వచ్చెయ్యండి."

"ఆయన్ని కొండమీద వదిలేసి వస్తే ఏం బావుంటుంది? స్కోరుషీటు మీద నా ఐదుగురికీ గుర్తులు పెట్టేసి, నా సంతకం పెట్టెయ్. ఎప్పుడూ పెట్టేదేగా."

నిజమే, ఎప్పుడూ పెట్టేదే. ఆయన సంతకం ఆయన కన్నా ఆమే బాగా చేస్తుంది. పెన్ను తీసుకుని వంగేసరికి రిఫరీ సుధాకర్ గారు షీటు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. నెరిసిన మీసం, నియమాలంటే ప్రాణం.

"కోచ్ గారేరండీ?"

"కొండ దిగుతున్నారండి."

"అయితే ఆయన సంతకం ఆయన దిగాకేనండి. ఇక్కడ అసిస్టెంట్ కోచ్ అని రాసుంది కదా, సత్యకుమారి గారు. వారేరి?"

ఆ 'గారు' ఎవరా అని సత్యకుమారి ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. వెనక గోడ ఉంది.

"నేనేనండి."

"అలా చెప్పరేం! మొదట దిగే ఐదుగురికీ గుర్తులు పెట్టి మీరే సంతకం చెయ్యండి. చేసినవారిదే బాధ్యత."

పెన్ను ఆమె చేతిలో ఆగింది. ఆయన ఐదుగురికీ తన సంతకం పెడితే, గెలిచినప్పుడు ఐదుగురూ ఆయనవాళ్ళు, ఓడినప్పుడు సంతకం తనది. ఇన్నేళ్ళలో ఇంత స్పష్టమైన ఒప్పందాన్ని ఆమె ఎప్పుడూ కాగితం మీద చూడలేదు. ఓడితే కోర్టు బస్సులపాలవుతుంది. అది ఎవరి ఐదుగురు ఓడినా జరిగేదే. అలాంటప్పుడు తనకి తప్పనిపించిన జట్టుతో ఓడడం కన్నా, సరి అనిపించిన జట్టుతో ఓడడం మేలు. లోవలక్ష్మి. సారిక. దుర్గాశ్రీ. ఏసమ్మ. ఐదో గుర్తు పెట్టేముందు రమ్యశ్రీని దగ్గరికి పిలిచింది.

"ఇవాళ నువ్వు ఒక్క బుట్ట వెయ్యకపోయినా పరవాలేదమ్మా. ఆ పదకొండో నంబరుకీ మన బుట్టకీ మధ్య చేతులు పైకెత్తి ఉండు. అంతే నీ పని."

రమ్యశ్రీ కళ్ళు పెద్దవయ్యాయి. "నిజంగా వెయ్యకపోయినా పరవాలేదా మేడమ్? ఎవరూ తిట్టరా?"

"తిడితే నన్ను తిడతారు. సంతకం నాది."

ఆ పిల్ల జడని గట్టిగా ముడి వేసుకుంది. అంత పొడుగూ అంత పేరూ ఉన్న పిల్ల మీద కూడా ఇంత బరువుందా అని సత్యకుమారి ఆశ్చర్యపోయి, ఐదో గుర్తు పెట్టి, సంతకం చేసింది. అలవాటు లేక కాస్త వంకరగా వచ్చింది.

ఆ ఆట చూడ్డానికి ఏమీ బాగాలేదు. మొదటి పది నిమిషాలకి స్కోరు ఆరు, ఐదు. జనం పల్లీలు కొనుక్కోవడానికి లేచారు. పదకొండో నంబరు కుడికి వెళ్తున్నట్టు భుజం విసిరితే, లోవలక్ష్మి ఆమె బూట్లే చూస్తూ కదలకుండా నిలబడింది. సారిక పాకే పిల్లవాడి ముందు వంగినట్టు వంగి, వేలైనా తగలకుండా అడ్డుతిరిగింది. దుర్గాశ్రీ వెనకున్నవాళ్ళు వెనకే ఉండిపోయారు. అన్నిటినీ మించి ఏసమ్మ నోరు. "ఎడమ! లోవా, ఎడమ! దుర్గా, నీ వెనక మనిషి! రమ్యా, చేతులే! చేతులు దించితే చంపుతా!" గోదావరి గట్టు దాకా వినబడి ఉంటుంది. సైడ్ లైను పక్కన సత్యకుమారి నిలబడి, మధ్య మధ్య ఒకటి రెండు మాటలు చెబుతోంది. ఎప్పుడు లేచి నిలబడిందో ఆమెకే తెలీదు. లేచే శ్రమ తెలియనే లేదు.

మూడో భాగం మధ్యలో, నుదుటి నిండా కుంకుమతో, చేతిలో కొబ్బరిచిప్పతో శివరామకృష్ణ పరిగెత్తుకొచ్చాడు. బోర్డు మీద ఇరవై ఒకటి, పంతొమ్మిది అని ఉంది.

"ఏంటిది సత్యా! సగం ఆట అయిపోతే ఇరవై ఒకటా? ఈ దిక్కుమాలిన ఐదుగుర్నీ ఎవరు దింపారు? రమ్యా! వెయ్యమ్మా, వెయ్యి!"

"నాకు పనుంది సార్!" అని అరిచింది రమ్యశ్రీ, చేతులు దించకుండానే.

ఈల మోగింది. సుధాకర్ గారు బెంచీ దగ్గరికొచ్చి కొబ్బరిచిప్పని ఒకసారి, ఆయన్ని ఒకసారి చూశాడు.

"కోచ్, అసిస్టెంట్ కోచ్, ఇద్దరిలో ఒక్కరే నిలబడాలండి. రెండోవారు కూర్చోవాలి. ఎవరు నిలబడతారో మీరే తేల్చుకోండి. ఇంకోసారి ఇద్దరూ నిలబడి కనబడితే ఫౌల్ ఇచ్చేస్తా, అవతలివాళ్ళకి ఉచితంగా ఒక షాటు పోతుంది."

శివరామకృష్ణ భార్య వైపు చూశాడు. నిలబడ్డం ఒక హక్కు అయ్యే చోటు ఈ లోకంలో ఒకటి ఉందని సత్యకుమారికి ఆ క్షణంలోనే తెలిసింది. వంటింట్లో ఎన్నడూ ఎవరూ పోటీకి రాని ఆ పనికి, ఇక్కడ ఇద్దరు మనుషులు. కూర్చుంటుందని ఆయన ఎదురు చూశాడు. సుధాకర్ గారు గడియారం చూసుకున్నాడు. బెంచీ మీది పిల్లలందరూ ఆమెనే చూస్తున్నారు.

"మీరు కూర్చోండి," అంది భర్తతో, అన్నం పెట్టేముందు రోజూ అనే గొంతుతోనే. "ఆ తువాళ్ళు కింద పడుతున్నాయి, ఒళ్ళో పెట్టుకోండి."

ఆయన కూర్చున్నాడు. రెండుసార్లు ఆవేశం పట్టలేక సగం లేచాడు. రెండుసార్లూ సుధాకర్ గారి మీసం ఇటు తిరిగింది, ఆయన మళ్ళీ కూలబడ్డాడు. అంతదాకా కారులోనే కాళ్ళు చాపుకుని ఉన్న కరస్పాండెంట్ కుంటుకుంటూ వచ్చి పక్కన కూర్చుని, "ఆ అరిచే పిల్లెవరండీ, భలే ఉందే," అన్నాడు. "నా ఎంపికేనండి," అనబోయి శివరామకృష్ణ, ఎదురుగా బల్లమీదున్న షీటు చూసి, గ్లూకోజు నీళ్ళు కలపడంలో పడ్డాడు.

ఆఖరి ఇరవై సెకండ్లు. మనవాళ్ళు ముప్ఫై, కాకినాడ ఇరవై ఎనిమిది, బంతి వాళ్ళ చేతిలో. పదకొండో నంబరు కుడి భుజం విసిరింది, ఎడమ భుజం విసిరింది, పైకి లేస్తున్నట్టు నటించింది. లోవలక్ష్మి పాదాల మీంచి చూపు ఎత్తలేదు. "వెనక!" అని ఏసమ్మ అరిచేసరికి సారిక దారి మూసేసింది. పదకొండో నంబరు తిరిగేసరికి ఎదురుగా రమ్యశ్రీ, ఆకాశంలోకి రెండు చేతులు. బంతి చేతిలో ఉండగానే బూర మోగింది. కిందటేడు ముప్ఫై మూడు వేసిన అమ్మాయి ఈసారి వేసింది తొమ్మిది.

పిల్లలు ఒకరిమీద ఒకరు పడి అరుస్తున్నారు. ఏసమ్మ జెర్సీకి మొదటిసారి మురికి పట్టింది. అది సత్యకుమారి చూసుకుంది.

"ఆట అయిపోయిందిగా సత్యా," అన్నాడు శివరామకృష్ణ తువాళ్ళ కుప్ప మీదుగా. "ఇక కూర్చోవచ్చుగా?"

"ఇంటికెళ్ళాక కూర్చుంటానండి," అంది సత్యకుమారి. "మీరు వడ్డిస్తారుగా."