ఏరిపారేసిన మొక్కలు

సంచీ మూతి విప్పి గింజల్ని తెల్ల పళ్ళెంలో పోయగానే నాకు తెలిసిపోయింది, మా బావ కొంప ముంచాడని. గింజలన్నీ ఒకటే రంగు, మీగడ రంగు. ఒకటే సైజు. ఒక్క పుచ్చు లేదు, ఒక్క రాయి లేదు. ఇంకెవరైనా అయితే చూసి ముచ్చటపడి పొలం మేస్త్రీ వీపు తట్టేవాళ్ళు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

సంచీ మీద నాలుగు వందల పదిహేడో నంబరు ఉంది. అది ఒక రకం అలసంద. మా విత్తన పరిశోధన సంస్థలో నేను చూసుకునే చల్లగదిలో ఆరువేల రకాల విత్తనాలు పొట్లాల్లో ఉన్నాయి. అన్నింటికీ నంబర్లే. నేను ముద్దుపేరు పెట్టుకున్నది దీనికొక్కదానికే, కలగాపులగం అని. పొట్లం విప్పితే నల్లవి, ఎర్రవి, చుక్కలవి, చారలవి, వాటి మధ్య ఎక్కువగా ఈ మీగడ రంగువి కనిపించేవి. ఎవరో ఐదారు డబ్బాలు ఒలకబోసి ఎత్తినట్టుండేది. కానీ ఎవరూ కలపలేదు, దాని తీరే అంత. ఒక కొండవాలు మీద ఒక ముసలావిడ చేలో తరతరాలుగా అలా కలిసే పెరిగింది. వాన ముంచెత్తిన ఏడు కొన్ని బతికేవి, ఎండ మాడ్చిన ఏడు వేరేవి బతికేవి. ఇప్పుడు ఆ ముసలావిడ లేదు. ఆ కొండవాలు రాళ్ళ క్వారీ అయింది.

ఈ రెండేళ్ళలో ఎండలు ముదిరి, అలసంద చేలన్నింటికీ ఎండు తెగులు పట్టుకుంది. పొద్దున పచ్చగా ఉన్న మొక్క సాయంత్రానికి తల వాలుస్తోంది. దాన్ని తట్టుకునే మొక్క కోసం తెగుళ్ళ విభాగంవాళ్ళు గదిలోని పొట్లాలన్నీ తిరగేసి, చివరికి కలగాపులగం దగ్గర ఆగారు. ఇన్ని తీర్లు ఉన్న దాంట్లో ఒక్కటైనా తట్టుకోకపోతుందా అని వాళ్ళ ఆశ, నా ఆశ కూడా. గింజలు ముసలివైపోయి మొలకెత్తే శక్తి తగ్గిపోతోంది. మామూలుగా అయితే కొత్త గింజల కోసం సగం పొలానికి పంపి సగం గదిలో దాచాలి. దాస్తే ఏడాదికల్లా అవీ చచ్చేలా ఉన్నాయని, గుండె చిక్కబట్టుకుని ఉన్నవన్నీ పంపేశాను. ఇప్పుడు పళ్ళెంలో ఆ రంగుల్లో ఒక్కటీ లేదు.

ఏం జరిగిందో ఎవరూ చెప్పనక్కర్లేదు. మా బావ మా సంస్థకి మేస్త్రీగా వచ్చి ఎనిమిది నెలలు. అంతకుముందు ముప్ఫై ఏళ్ళు విత్తనాలు అమ్మే ఫారంలో పనిచేశాడు. అక్కడ చేనంతా ఒకే ఎత్తులో, ఒకే ఆకుతో, ఒకే రోజు పూతకి రావాలి. తేడాగా కనిపించిన మొక్కని బెరుకు అంటారు. బెరుకుల్ని వేళ్ళతో సహా పీకి, గట్టు దాటించి, తగలబెడతారు. ఆ పనిలో మా బావ ఘనాపాటి. ఆయన చేను దువ్విన తలలా ఉంటుందని మా అక్క పదిమందిలో చెప్పుకుని మురిసిపోయేది. మా దగ్గర మాత్రం ఆ బెరుకుల కోసమే చేను వేస్తాం.

పొట్లంతో పంపిన చీటీ నకలు బయటికి తీశాను. ఆయన్ని ఇరికించాలనే తీశాను, దాచడం దేనికి. నంబరు, తూకం, నా సంతకం అన్నీ ఉన్నాయి. కింద 'సూచనలు' అన్నచోట తెల్లకాగితం నా మొహాన్నే చూస్తోంది. పాత మేస్త్రీ ఉన్నప్పుడు ఏ పొట్లం పంపినా నేనే వెంట వెళ్ళి, మడి దగ్గర నిలబడి, ఒక్క మొక్క కూడా ఏరొద్దని చెప్పి వచ్చేదాన్ని. ఈయనకి చెప్పలేదు. చెప్పాలంటే మాట్లాడాలి. మాట్లాడి మూడేళ్ళవుతోంది.

మూడేళ్ళ కిందట పెద్ద గాలివాన వచ్చి ఊరంతా రెండు రోజులు కరెంటు పోయింది. జనరేటరు కూడా మొరాయించింది. ఆరువేల పొట్లాల్నీ ఐసు పెట్టెల్లోకి మార్చి, కరిగిన ఐసు తోడి పోసి, మళ్ళీ నింపుతూ ఆ రెండు రోజులూ నేనొక్కదాన్నే గదిలో ఉన్నాను. అదే సమయంలో ఆసుపత్రిలో నాన్న పోయాడు. నాకు కబురు చేరేసరికి అంతా అయిపోయింది. వెళ్ళి గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, బంధువులందరి ముందూ మా బావ అన్నాడు, "రామ్మా, రా. కన్నతండ్రి కంటే గింజలే ఎక్కువయ్యాయి నీకు." అప్పటిదాకా ఆయన్ని నువ్వు అనేదాన్ని. ఆ రోజునుంచి ఎదురుపడితే తల తిప్పుకోవడమే.

అలాంటి మనిషి మా సంస్థలోనే మేస్త్రీగా చేరతాడంటే నేను డైరెక్టరు దగ్గరికెళ్ళి ఒంటికాలి మీద లేచాను. "ఇంటి గొడవలు ఇంట్లో పెట్టుకోమ్మా," అన్నాడాయన. ఇప్పుడు పళ్ళెం పట్టుకుని మళ్ళీ ఆయన గదికే వెళ్ళాను. ఆయన గింజల్ని చూశాడు, నన్ను చూశాడు.

"ఏరొద్దని మేస్త్రీకి చెప్పలేదా?"

"మీరు చెబుతారనుకున్నా."

"చెప్పడం నీ పని కదమ్మా. నువ్వు చెప్పావనే నేను అనుకున్నా." కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "రేపటికల్లా రిపోర్టు రాసివ్వు. ఎవరిది తప్పో అందులో స్పష్టంగా ఉండాలి. ఎవరిదైతే వాళ్ళు ఇంటికే."

ఎవరిదో రాయడానికి నా చెయ్యి దురద పెడుతోంది. కానీ అంతకంటే ముందు ఆ మనిషి మొహం చూడాలి, చేసిన ఘనకార్యమేమిటో చెవిలో పొయ్యాలి. ఆఫీసు వదలగానే నేరుగా అక్క వాళ్ళింటికి వెళ్ళాను. మూడేళ్ళలో ఆ గడప తొక్కడం అదే మొదటిసారి.

తలుపు తీసిన అక్క నన్ను చూసి ఉలిక్కిపడింది. "ఏమైందే? ఎవరికేమైంది?"

"మీ ఆయన ఉన్నారా?"

బావ లోపల గదిలో బల్ల ముందు కూర్చుని బూట్లకి అంటిన మట్టిని పుల్లతో గీకుతున్నాడు. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. నేను చేతిసంచీలోంచి గుప్పెడు గింజలు తీసి బల్ల మీద విసిరాను. కొన్ని దొర్లి కింద పడ్డాయి.

"ఏం చేశారు నా అలసందల్ని?"

ఆయన కంగారుపడలేదు. వీధి తలుపు వైపు చూసి, అక్కతో "ఆ తలుపు వేసిరా," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఎవరికీ చెప్పలేదులే అమ్మాయ్. నా నోట్లోంచి రాదు. నువ్వేం భయపడకు," అన్నాడు.

"నేనా? నేనెందుకు భయపడాలి?"

"పొట్లం విప్పగానే చూశాను కదా. అన్నీ కలిసిపోయున్నాయి. నల్లవి, ఎర్రవి, ఒకటేమిటి. ఆ కరెంటు పోయిన రెండు రోజుల్లో, మార్చే హడావుడిలో, కలిసిపోయుంటాయనుకున్నా. ఒక్కదానివి ఎన్నని చూస్తావు? అవతల మామయ్య పరిస్థితి అలా ఉంది. ఎవరికైనా చెయ్యి తప్పుతుంది." పుల్ల పక్కన పెట్టాడు. "తనిఖీ వాళ్ళ కంట పడితే నీ ఉద్యోగం ఉండదు. అందుకని కూలివాళ్ళు రాకముందే, తెల్లారగట్ల నేనొక్కణ్ణే వెళ్ళి ఏరేశాను. వారం పట్టింది. పీకినవి కూడా మిగల్చలేదు, కాల్చేశాను. ఇంక నిన్ను వేలెత్తి చూపేవాడు లేడు."

ఒక తిట్టు నోటిదాకా వచ్చి అక్కడే ఉండిపోయింది. మూడేళ్ళుగా ఈ మనిషిని తిట్టడానికి మాటలు కూడబెట్టుకుంటున్నాను. ఒక్కటీ పనికిరాకుండా చేశాడు. దానికి కూడా కోపమే వచ్చింది నాకు.

అక్క నా భుజం మీద చెయ్యి వేసింది. "చూశావా, నువ్వు ఆయన్ని ఊరికే ఆడిపోసుకున్నావు."

"నువ్వు నోరు ముయ్యక్కా." ఆ చెయ్యి విదిలించేశాను. "బావా, అవి కలిసిపోలేదు. దాని తీరే అంత. ఆ రకం ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. నాన్నని వదిలి ఆ గదిలో కూర్చుంది ఇలాంటి వాటి కోసమే. నువ్వు కాల్చింది బెరుకుల్ని కాదు. వాటికోసమే ఆ మడి వేయించాను."

ఒక్కొక్క మాటా ఆయనకి దిగుతుంటే చూస్తూ నిలబడ్డాను. మొదట అర్థం కాలేదు. తర్వాత అయింది. కింద పడిన గింజల్ని వంగి ఏరడం మొదలుపెట్టాడు. అరవై ఏళ్ళ మనిషి బల్ల కింద పాకుతుంటే నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు.

"ఒక్క మాట చెప్పుండొచ్చు కదా," అన్నాడు బల్ల కిందనుంచే.

"ఒక్క మాట అడిగుండొచ్చు కదా."

"అడిగితే నువ్వు మొహం తిప్పుకుంటావు."

ఆయన లేచి గింజల్ని బల్ల మీద పెట్టాడు. "రిపోర్టులో నా పేరే రాయి. నాకు ఎలాగూ పని మానేసే వయసొచ్చింది."

"నీ త్యాగాలు నాకక్కర్లేదు. ఇద్దరి పేర్లూ రాస్తాను," అన్నాను. ఆ మాట కూడా కరుగ్గానే వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "ఎన్ని పీకావు?"

"నలభై మూడు," అన్నాడు వెంటనే. విత్తనాల ఫారంలో పీకిన ప్రతి మొక్కా లెక్క చెప్పాలి, ఆ అలవాటు పోలేదు.

"గుర్తున్నాయా?"

"గుర్తుండకపోవడమేంటి. చేత్తో పట్టుకుని పీకినవి."

కాగితం, పెన్ను తీసుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని చెప్పడం మొదలుపెట్టాడు. మూడో సాలులో గట్టు పక్కన రెండు మొక్కలు, సన్నటి ఆకు, పదిరోజులు ఆలస్యంగా పూత. ఐదో సాలులో ఒకటి, తెల్ల పువ్వు, కాయ పైకి నిటారుగా లేచి ఉంటుంది. దాని పక్కన నేలమీదే పాకే మొక్కలు నాలుగు, ఆకు వెనక నూగు. ఒక్కొక్కటీ ఎక్కడ నిలబడిందో, ఏ రంగు తొడిమో, ఎంత ఎత్తో చెబుతున్నాడు. నేను రాస్తున్నాను. పదకొండేళ్ళుగా ఆ పొట్లాన్ని కాపాడినదాన్ని, ఆ మొక్కల్ని ఒక్కసారి కూడా చేలో చూడలేదు. పూర్తిగా చూసినవాడు ఈయనొక్కడే. అక్క గోడకి ఆనుకుని ఏడుస్తోంది. మా ఇద్దరిలో ఎవరమూ ఆమె వైపు చూడలేదు.

ముప్ఫై తొమ్మిది అయ్యాక ఆగి, మంచినీళ్ళు తాగాడు. మళ్ళీ చెప్పాడు. నలభై రెండు దాకా వచ్చి ఊరుకున్నాడు.

"ఇంకొకటుంది," అన్నాను.

"అది మొదటి రోజు పీకింది." గ్లాసు పక్కకి జరిపాడు. "ఊదా రంగు కాడ. మడి మధ్యలో ఉండేది. అంతకుముందు వారం ఎండలకి చుట్టూ మొక్కలు ఒక్కొక్కటీ తల వాల్చేస్తున్నాయి, చూశాను. ఇది మాత్రం చెక్కుచెదరలేదు, ఆకు నిగనిగలాడుతూ నిలబడుంది. మడి మొత్తంలో అన్నింటికంటే అదే వేరుగా కనబడింది కదా అమ్మాయ్, అందుకని ముందు దాన్నే పీకాను."