పొగ రాని స్కూటర్

మా స్కూటర్ పొగ కక్కుతుంది. కక్కాలి కూడా. పాతకాలపు టూ స్ట్రోక్ బండి అది. పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోస్తేనే లోపల పిస్టన్ జారుతుంది, లేదంటే రాసుకుని పట్టేస్తుంది. ఈ సంగతి నాకు తెలుసు, మల్లాపూర్ మెకానిక్ లక్ష్మీరాజానికి తెలుసు. మా ఆయన జలపతికి మాత్రం తెలియదు. ఆయన మస్కట్‌లో షేక్ గారి ఏసీ కారు తోలిన మనిషి. ఆయన అక్కడుండగా నేను కొన్న బండి ఇది. సిరిసిల్ల నుంచి లంగాలు తెచ్చి, మూట వెనక కట్టుకుని ఊరూరా తిరిగి అమ్ముతాను.

అక్కడ పని పోయి ఇంటికొచ్చాక ఆయన వానాకాలమంతా అరుగు మీదే కూర్చున్నాడు. నేను బండి తీస్తే గేటు తెరుస్తాడు, తిరిగొస్తే మూట దించుతాడు, అంతే. పెద్ద కార్లు తోలిన మనిషిని లంగాలు అమ్మమని ఎట్లా అడగను? అడగకపోవడమే మర్యాద అనుకున్నాను. ఆయనేమో ఇంట్లో తాను దండగ అనుకున్నాడు. కోరుట్లలో ఒక ఏజెంటుతో కొత్త వీసా మాట్లాడుకుని, ఒకనాడు అన్నం తింటూ చల్లగా చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. "నీ ఇష్టం" అన్నాను. కోపంతో అన్న మాటను ఆ మహానుభావుడు ఒప్పుకోలు అనుకున్నాడు.

పాస్‌పోర్ట్ ఇవ్వాల్సిన రోజే కోరుట్ల వారపు అంగడి కూడా. మధ్యాహ్నం లోపు తేకపోతే వీసా ఇంకొకరికి ఇచ్చేస్తానని ఏజెంటు ఖరాఖండిగా చెప్పాడు. ఇద్దరం ఒకే బండి మీద బయల్దేరాం. నేను ముందు, ఆయన వెనక, మధ్యలో మూట. దారంతా నేను ఒక్క మాటా మాట్లాడలేదు. మూట అడ్డం ఉంది కదా, మాట్లాడినా వినపడదు అని నాకు నేను చెప్పుకున్నాను.

మక్కచేన్ల మధ్యకు వచ్చేసరికి బండి గొంతు మారింది. సన్నగా కీచుమంది, లాగడం తగ్గింది. ఏమైందో అనుకునేలోపే వెనక చక్రం బిగుసుకుపోయి, బండి రోడ్డు మీద జారుతూ పోయింది. చప్పున క్లచ్ పట్టాను కాబట్టి బతికాం. ఆయన మూటతో సహా పక్కన గడ్డిలో కూర్చున్నాడు.

ఇద్దరికీ దెబ్బలు తగల్లేదు. కిక్ కొట్టబోతే అది కిందికి దిగనే లేదు.

"ఇంజన్ పట్టేసింది," అన్నాను. "నిన్న పెట్రోల్ ఎవలు పోపిచ్చిండ్రు?"

"నేనే. ట్యాంక్ నిండ పోపిచ్చిన," అన్నాడు గడ్డి దులుపుకుంటూ. మెచ్చుకుంటాననుకున్నట్టున్నాడు.

"ఆయిల్ కలిపినవా?"

"పంపుల అడిగిండ్రు. నేనే వద్దన్న. గది పోస్తెనే గద పొగ అచ్చేది. నీ తెల్ల లంగాలన్ని పొగ వాసన కొడుతున్నయ్. జూడు, పొద్దుగాల్నించి బండి ఎంత సాఫ్ అచ్చింది. పొగే లేదు."

తిట్టాలో నవ్వాలో తెలియక రెండూ చేశాను. "పొగా లేదు, గిప్పుడు దానికి పానమూ లేదు. కొనేటోళ్లకు పట్టని వాసన నీకెందుకయ్య?"

ఆయన ముఖం చిన్నబోయింది. "గందుకే పోత అంటున్న. నీకు సాయం జేద్దామని జేసిన. గింత పని గుడ నాకు రాకపాయె."

నా నవ్వు అక్కడే ఆగింది. నా బట్టలకు పొగ అంటకూడదని ఆలోచించిన మనిషిని దేశం దాటించడానికి నేనే బండి తోలుతున్నాను. నా మీద నాకే కోపం వచ్చింది.

ఇంజన్ చల్లారేదాకా చెట్టు నీడన కూర్చున్నాం. తర్వాత నేను ప్లగ్ విప్పి, డిక్కీలోని ఆయిల్ ఆ రంధ్రంలో పోశాను. అది లోపలికి ఇంకాక, బండిని గేర్లో పెట్టి ముందుకీ వెనక్కీ ఊపాలి. అదృష్టం బాగుంటే పిస్టన్ వదులుతుంది. ఊపుదామని లేచేసరికి కోరుట్ల పోయే షేరింగ్ ఆటో వచ్చి మా ముందు ఆగింది. ఒక్క మనిషికి చోటుంది.

"కోరుట్లకా అన్నా? ఎక్కు," అన్నాడు ఆటో అతను.

మా ఆయన జేబులోని పాస్‌పోర్ట్ తడుముకున్నాడు. ఎక్కితే వేళకు అందుకుంటాడు. ఆటో వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను నూనె చేతులు కొంగుకు తుడుచుకున్నాను.

"పోకు," అన్నాను.

"బండి ఊపనీకా? ఊపినంక ఇంకో ఆటోల పోతలే."

"బండి కోసం గాదు. దాన్ని నేనొక్కదాన్నే ఊరిదాంక నూకుకుంట పోత. నువ్వు లేని ఇంట్ల ఇంక ఉండుడు నాతోని గాదు. నువ్వు నాకు గావాలె."

ఆటోలోని వాళ్లంతా విన్నారు. వింటే విననీ.

"గీడ నేనేం జేస్త పుష్పా?"

"బండి నేర్చుకునేటప్పుడు నేను మల్లాపూర్ బస్టాండ్ ముంగట పడ్డ, అందరు నవ్విండ్రు. నువ్వు గుడ పడు. లంగాలమ్ముడు నేర్సుకో."

ఆటో అతను హారన్ కొట్టాడు.

"నువ్వు పో తమ్మీ," అన్నాడు మా ఆయన, చొక్కా చేతులు పైకి మడుస్తూ.

నేను హ్యాండిల్ పట్టుకుంటే ఆయన వెనక నుంచి నూకాడు, లాగాడు, చెమటతో తడిసిపోయాడు. లోపల టక్కుమని ఏదో వదిలింది. ప్లగ్ బిగించి, ట్యాంకులో ఆయిల్ పోసి, అది కలవడానికి బండిని ఇద్దరం కుదిపాం. ఎన్నో కిక్కుల తర్వాత స్టార్టయింది. దట్టమైన పొగ ఆయన ముఖం మీదికే వచ్చింది. దగ్గుతూనే నవ్వాడు.

మెల్లగా తోలుకుంటూ కోరుట్ల చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అంగడిలో నేను పట్టా పరుస్తుంటే ఆయన మూట విప్పి లంగాలు రంగుల వారీగా పేర్చాడు. ఎప్పుడూ నా దగ్గరే కొనే రాజక్క వచ్చింది. మా దిక్కున గల్ఫ్ నుంచి వచ్చినవాణ్ని ఎవరు కలిసినా, బాగున్నావా అనకముందే అడిగే మాట ఒకటుంది. ఆమె కూడా అదే అడిగింది.

"ఎప్పుడచ్చినవ్ జలపతీ? మళ్ల ఎప్పుడు పోతున్నవ్?"

నేను పట్టా సర్దుతూ తల ఎత్తలేదు.

"బుధవారం పోతున్న అక్కా," అన్నాడు ఆయన. "సిరిసిల్లకు. నీకేం రంగు తేవాల్నో చెప్పు."