ఎడమవైపు చూపు

“చేతులు ఊపకు. ఒళ్లో పెట్టుకో. పళ్లు కనబడకుండా నవ్వు,” అన్నాడు శ్రీనివాసరాజు. ఫోన్‌ను పంచదార డబ్బాకి ఆనించి, భార్య పక్కనే కూర్చుని రికార్డు చేస్తున్నాడు. పది గంటలకు టీవీ వాళ్లు రొయ్యల చెరువు గట్టుకి వస్తారు. కెమెరా ముందు ఎలా కూర్చోవాలో అతను రెండు రోజులుగా వీడియోల్లో నేర్చుకుని ఇంద్రజకు నేర్పుతున్నాడు. ఆమె ఒళ్లోని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే అతని ప్రశ్నలకు జవాబులు చెబుతోంది. మన ఇళ్లలో ఆడవాళ్లు మొగుడి పక్కన కుర్చీ వేసుకోవడమే ఎక్కువని, పమిట నిండుగా కప్పుకోమని, అత్తగారు సూర్యకాంతమ్మ గదిలోంచి తన వంతు పాఠం చెప్పింది.

ఇంద్రజకు ఒకరు నేర్పాలా? నాలుగేళ్లుగా చెరువుల పని ఆమెదే. అతను చెరువు గట్టు ఎక్కి ఎన్నాళ్లయిందో. బేరం మధ్యలో మబ్బు వైపు ఒక్కసారి చూస్తే చాలు, వానకు భయపడుతోందని కొనేవాడు రేటు తగ్గిస్తాడు. అందుకే మెడ మీద చినుకు పడ్డా ఆమె తల ఎత్తదు. అయినా, అంతా కుదిరాక కొనేవాళ్లు “రాజుగారితో ఒక మాట అనుకుంటామండి” అంటారు. ఇవాళ టీవీలో ఎవరు యజమానిగా కనబడితే రేపటినుంచి బేరం వాళ్లతోనే.

అతను స్నానానికి వెళ్లాక రికార్డు చూసుకుంది. చేతులు బాగానే ఉన్నాయి. కానీ ప్రతి జవాబుకూ ముందు ఆమె కళ్లు ఎడమవైపుకి, అతని మొహం మీదకి వెళ్లి వస్తున్నాయి. మేత ఎంత తగ్గించాలో చెప్పడానికి కూడా. పొంగుతున్న పాలకింద స్టవ్ కట్టేసి మళ్లీ చూసింది. మళ్లీ చూసింది. చీర రంగు చెప్పాలన్నా, పుట్టింటికి వెళ్లాలన్నా, డాక్టరు వయసు అడిగినా, పెళ్లయిన ఈ పదమూడేళ్లూ అటే చూసిందా? మబ్బును చూడని మనిషి, ఈ ఒక్క చూపుతో ఎంత పోగొట్టుకుంది?

గట్టు మీద రెండు కుర్చీలు వేశారు. యాంకర్ అశ్విని మైకు సర్ది మొదటి ప్రశ్న అడిగింది. “ఈ చెరువులన్నీ చూసుకునేది ఎవరండి?”

ఇంద్రజ మెడ కదలబోయింది. ఆపుకుంది. నరం పట్టేసినట్టయింది. పక్కన అతను గొంతు సవరించుకున్నాడు. “అంటే, ప్లానింగంతా నేను...”

ఇంద్రజ ఒళ్లోంచి చెయ్యి తీసి, అటు చూడకుండానే, అతని మోకాలి మీద గట్టిగా ఆనించింది. మాట ఆగింది.

“నేనేనండి,” అంది అశ్విని కళ్లలోకి చూస్తూ. “మావారు ఇవాళే చూడ్డానికొచ్చారు.”