అప్పయ్య పదహారో మ్యాచ్

ఆదివారం వచ్చిందంటే కాత్యాయని పొద్దున్నే లేచి పులిహోర కలిపేది. ఆ డబ్బా, స్కోరు పుస్తకం సంచిలో సర్దుకుని, భర్త శశికాంత్‌తో కలిసి సింగపూర్ చోవా చూ కాంగ్‌లో క్రాంజీ వెళ్ళే బస్సెక్కేది. వారంలో మిగతా ఆరు రోజులూ ఇద్దరికీ కంప్యూటర్లతోనే సరిపోయేది. రెండువేల సంవత్సరం రాబోతోందని వాటికి నచ్చజెప్పడమే అప్పట్లో వాళ్ళ ఉద్యోగం. ఆదివారం మాత్రం బేస్‌బాల్‌ది.

నెల్లూరులో క్రికెట్ ఆడే రోజుల్లో శశికాంత్ మోచెయ్యి వంచి బంతి వేస్తున్నాడని అంపైర్లు నోబాల్ మీద నోబాల్ ఇచ్చి, చివరికి టీములోంచే తీయించేశారు. సింగపూర్ వచ్చాక ఆఫీసువాళ్ళు క్రాంజీ క్లబ్బుకి తీసుకెళ్తే, వంచిన ఆ చేతినే నెత్తిన పెట్టుకున్నారు. బేస్‌బాల్‌లో పిచ్చర్ అంటే బంతి విసిరేవాడే కదా! రెండేళ్ళు తిరిగేసరికి ఆ టీముకి అతనే దిక్కయ్యాడు.

ఆ మైదానంలో పిచ్చర్ ఒక బంతి విసిరితే మూడొచ్చేవి. మొదటిది ఇప్పటిది. దాని వెనకే వచ్చేవి ఆ క్లబ్బులో ఒకప్పటి మహామహులు లిమ్, అప్పయ్య తమ కాలంలో విసిరినవి. సీజన్ మొదటి మ్యాచ్‌లో వాళ్ళ మొదటి మ్యాచ్ బంతులు, రెండోదాంట్లో రెండోదానివి, అలా వరస తప్పకుండా. మూడింట్లో చప్పుడు చేసినదాన్నే అంపైర్ లెక్కలోకి తీసుకునేవాడు. బయటి టీములకి కూడా అది అలవాటైపోయింది.

అందుకే అక్కడ పోల్చుకోవడం తేలిక. "లిమ్ వేగం శశికి లేదు" అని ఒకరంటే, "అప్పయ్య మెలిక మాత్రం ఉంది" అని ఇంకొకరు. లిమ్ ఎప్పుడో ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు. అప్పయ్య మాత్రం ప్రతి ఆదివారం వచ్చి కాత్యాయని పక్కనే కూర్చునేవాడు. శ్రీకాకుళం నుంచి వచ్చి నేవల్ బేస్‌లో పనిచేసిన కుటుంబం వాళ్ళది. ఒకే సీజన్లో వరసగా పదహారు మ్యాచ్‌లు గెలిపించిన రికార్డు ఆయనది, 1978లో. ఆ సీజన్లో శశికాంత్ అప్పటికి ఆడిన పదిహేనూ గెలిచాడు.

"మకాన్ అయిందా అమ్మాయ్?" అని, తిన్నావా అనడానికి అలవాటైన మలయ్ మాటతో పలకరిస్తూ వచ్చాడు అప్పయ్య ఆ రోజు కూడా. పులిహోర పెడితే ఎడం చేత్తో చెంచా పట్టుకుని తిన్నాడు.

అయిదో ఇన్నింగ్స్‌కి మనవాళ్ళు మూడు-రెండుతో ముందున్నారు. అంతలో కాత్యాయని పెన్ను ఆగిపోయింది.

"అంకుల్, మీ బంతి జారుతోందేమిటి?"

అప్పయ్య చెంచా డబ్బాలో పెట్టేశాడు. "పదహారో మ్యాచ్ కదమ్మా. అయిదో ఇన్నింగ్స్‌లోనే భుజంలో ఏదో పుటుక్కుమంది. ఎవరికీ చెప్పలేదు. గెలిచాను. ఆ తర్వాత ఈ కుడి చెయ్యి భుజం దాటి లేవలేదు."

ఆమె మళ్ళీ మైదానం వైపు చూసింది. శశికాంత్ బంతి కూడా సరిగ్గా అంతే జారుతోంది. బంతికీ బంతికీ మధ్య అతను భుజం రుద్దుకుంటున్నాడు. పుస్తకం బెంచీ మీద పడేసి నేరుగా మైదానంలోకి నడిచింది.

"శశీ, ఇచ్చెయ్ బంతి."

"నీకేమైనా పిచ్చా కాత్యా? ఇంకెంత, నాలుగు ఇన్నింగ్స్! అప్పయ్యగారి సరసన నా పేరుంటుంది."

"పేరొక్కటే కాదు, ఆయన చెయ్యి కూడా వస్తుంది. నొప్పిగా ఉందా లేదా?"

అతను తల దించుకున్నాడు. నెల్లూరులో ఒకసారి వద్దనిపించుకున్న చెయ్యి అది. ఇక్కడ కూడా దింపేస్తే ఇక ఎక్కడ ఆడాలి?

అప్పయ్య కూడా లేచి గీత దాకా వచ్చాడు. "అప్పుడు నాకు చెప్పేవాళ్ళు లేకపోయారు నాయనా. దిగిపో. వచ్చే ఏడు ఆడుదువుగాని."

శశికాంత్ చాలాసేపు బంతిని వేళ్ళతో తిప్పుతూ నిలబడ్డాడు. తర్వాత కెప్టెన్ చేతిలో పెట్టాడు.

కొత్త పిచ్చర్ విసిరిన బంతి వెనక లిమ్‌ది వచ్చింది. అప్పయ్యది రాలేదు.

మ్యాచ్ ఓడిపోయారు. క్లబ్బు గోడమీద రికార్డుల పలక చూసి కెప్టెన్ సింగపూర్ యాసలో, "ఇద్దరూ పదిహేనే, సమానం లా!" అన్నాడు. 1978 ఎదురుగా, పొద్దున పదహారున్న చోట, ఇప్పుడు పదిహేనే ఉంది. అయితే ఇద్దరిలో ఎవరు గొప్ప అని వాదన మళ్ళీ మొదలైంది. అప్పయ్య కూడా నవ్వుతూ అందులో చేరాడు, శశికాంత్ పక్షాన.

తిరుగు బస్సు కిటకిటలాడుతోంది. భుజానికి ఐసు పెట్టుకుని కూర్చున్న శశికాంత్ పక్కనుంచి కాత్యాయని లేచింది. "కూర్చోండి అంకుల్."

"వద్దమ్మాయ్, నిలబడతాను" అన్నాడు అప్పయ్య. కుడి చెయ్యెత్తి, పైన వేలాడుతున్న పిడి పట్టుకున్నాడు. చోవా చూ కాంగ్ వచ్చేదాకా దాన్ని వదల్లేదు.