చింతపండుతో తోమిన తుపాకి

తొంభై ఏడు వేసవిలో శామీర్‌పేట చెరువు సగానికి ఎండింది. అప్పుడు బక్కయ్య వలకు చేపకు బదులు ఇనుము తగిలింది. రెండు మూరల లోపు గొట్టం, దాని ఎడమ పక్కన అడ్డంగా పొడుచుకొచ్చిన డబ్బా. బోరుపంపు ముక్క కాబోలనుకుని తెప్పకు లంగరుగా కట్టుకున్నాడు. తూటాల డబ్బా పక్కకు ఉండే తుపాకులు కూడా ఉంటాయని చేపలు పట్టేవాడికి ఎవడు చెప్పాడు?

అన్నల కోసం పోలీసులు ఊళ్లు జల్లెడ పడుతున్న రోజులవి. కొడుకు మొగులయ్య కల్లు దుకాణంలో "మా లంగరు గమ్మతుగుంటది" అని నేల మీద బొమ్మ గీసి చూపించాడు. అది తుపాకి బొమ్మేనని ఎవడో పోలీసుల చెవిన వేశాడు, మర్నాడే జీపు వచ్చి వాణ్ణి ఎక్కించుకుపోయింది. చెరువులో దొరికిందని బక్కయ్య మూడు రోజులు స్టేషన్ గడప దగ్గర మొత్తుకున్నాడు. ఒక్కడు నమ్మితే ఒట్టు.

"సాయంత్రం లోపల తుపాకి తే. లేకుంటే నీ కొడుకును అడవిల ఎతుక్కో" అని నాలుగో నాడు పొద్దున్నే అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ మాటకు అర్థం అప్పట్లో పసిపిల్లలకూ తెలుసు.

బక్కయ్య పరుగున చలపతిరావు ఇంటికి పోయాడు. ఆయన ముప్పై ఏళ్లు సైన్యంలో తుపాకులు బాగుచేసి, కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. ప్రతి ఆదివారం బక్కయ్య దగ్గరే చేపలు కొంటాడు.

"అది స్టెన్ గన్ అయ్యుంటుంది బక్కయ్యా. యుద్ధం రోజుల్లో హడావిడిగా గొట్టాలు అతికించి చేసిన సరుకు. పోలీసు చర్యప్పుడు ఎవడో చెరువులోకి గిరాటేసి ఉంటాడు. యాభై ఏళ్లు నీళ్లలో నానిందని చూస్తేనే తెలిసిపోతుంది. నువ్వు తీసుకురా, నాలుగింటికి స్టేషన్లో నేను చెబుతాను."

తీసుకురమ్మన్నాడు గాని, ఉన్నదున్నట్టుగా తెమ్మనలేదు పెద్దమనిషి. పని తెలిసినవాళ్లతో వచ్చే చిక్కే ఇది. తమకు తెలిసింది లోకానికంతా తెలుసనుకుంటారు.

నాచు, నత్తగుల్లలతో ఉన్న లంగరును చూసి బక్కయ్య భార్య ఈదమ్మ గుండె జారింది.

"గిట్లనే తీస్కపోయి సర్కారోళ్ల ముందట వెడ్తవా? ఇంకింత కోపానికొస్తరు."

"నిజమేనే. చింతపండు తే."

దసరాకు కత్తినీ తెడ్డునూ తోమి బొట్టుపెట్టే చేతులవి. ఇద్దరూ కూర్చుని చింతపండు, ఇటుకపొడి, కిరసనాయిలు పెట్టి ఆపకుండా రుద్దారు. డబ్బాలోని బంకమట్టి తోడేశారు. మధ్యాహ్నానికి లోపలి ఇనుపకడ్డీ టక్కున కదిలింది.

"కదిలిందే! సారు ఖుషైతడు" అన్నాడు బక్కయ్య. మూడు రోజుల తర్వాత అప్పుడే ఇంత గట్క నోట్లో వేసుకున్నాడు.

స్టేషన్ వరండాలో గోనెసంచి విప్పి చూసిన చలపతిరావు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"తుప్పేదయ్యా?"

"ఏడున్నది సారూ, మొత్తం తోమినం."

"ఆ తుప్పే కదయ్యా మన సాక్ష్యం!" అంటూ ఆయన నెత్తి కొట్టుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

ఇన్‌స్పెక్టరు కడ్డీని వెనక్కి లాగి వదిలాడు. అది టక్కుమంది.

"యాభై ఏండ్లు నీళ్లల్ల ఉన్నదా గిది? నిన్నమొన్న పేల్చినట్టున్నది" అంటూ రైటరు వైపు తిరిగాడు. "మొగులయ్య దగ్గర దొరికిందని రాయి."

చలపతిరావు ఏదో చెప్పబోయాడు. "మీరు ఇంటికి పోండి పెద్దాయనా" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

లోపలి గదిలో ఎవరో మూలిగారు. అది మొగులయ్య గొంతేనని బక్కయ్యకు తెలిసింది. తన చేతులారా రుద్ది రుద్ది కొడుకు బతుకునే తుడిచేశానని కూడా అప్పుడే తెలిసింది. బల్ల దగ్గరికి పోయి రెండు అరచేతులూ చాపాడు. గోళ్ల సందుల్లో నల్లటి మురికి ఇంకా పోలేదు.

"తుపాకి నాది సారూ. దాసింది నేను, తోమింది నేను. సూడుండ్రి నా చేతులు. పోరనికేం తెల్వదు, వాన్ని ఇడిసిపెట్టుండ్రి."

ఇన్‌స్పెక్టరు ఆ చేతులు పట్టుకుని వాసన చూశాడు. మూడు రోజులుగా బక్కయ్య చెప్పిన నిజాన్ని ఆ స్టేషన్లో ఒక్కరూ నమ్మలేదు. ఈ అబద్ధాన్ని మాత్రం అందరూ వెంటనే నమ్మారు.