సగం డాన్సున్న టేపు

మా పాపకు మూడో నెల. నిద్రలో ఉన్నట్టుండి చేతులూ కాళ్ళూ అదిరేవి. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే అక్కడ మాత్రం బొమ్మలా పడుకునేది. మూర్ఛో కాదో కళ్ళారా చూస్తేగాని చెప్పలేనన్నారు ఆవిడ, వీడియో తీసి తెమ్మన్నారు. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు.

మా మరిది కొత్త డిస్కు కెమెరా తెచ్చాడు. మా ఆడపడుచు, అంటే మా వదిన, తన పాత టేపు కెమెరాతో వచ్చింది. ఇక అక్కాతమ్ముళ్ళ వాదన మొదలు. డిస్కయితే కావలసిన చోటికి ఒక్క నొక్కుతో వెళ్ళొచ్చని, ఏ ప్లేయర్లోనైనా ఆడుతుందని మరిది. టేపును వెనక్కీ ముందుకీ తిప్పుకోవాలిగానీ, తీసింది అప్పటికప్పుడు ఆ కెమెరాలోనే చూసుకోవచ్చని వదిన.

"అక్కా, అది తిరిగేలోపు పాప బడికెళ్తుంది."

"వెళ్ళనీరా. నాకు కావలసిందీ అదే."

ఎనిమిదితో చదువు ఆపేసిన నాకు ఆ మీటలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఎర్రది నొక్కితే చాలన్నాడు మరిది. మర్నాడు మధ్యాహ్నం పాపకు అదురు వచ్చింది. మరిది కెమెరా అందుకున్నాను. ఎర్ర మీట నొక్కాను. ఎందుకైనా మంచిదని వదిన కూడా పక్కనుంచి తీసింది. కాసేపటికి కెమెరా పక్కన పడేసి పాపను ఎత్తుకున్నాను. మెలకువ రాగానే అదురు ఆగిపోయింది.

ఆస్పత్రిలో డిస్కును ప్లేయర్లో వేశారు. తిరిగి తిరిగి, డిస్కు లేదని తెర మీద చూపించింది. ఇప్పుడే మింగిన డిస్కును లేదంటుందేమిటి? మరిదికి ఫోన్ చేశాను. తీసిన డిస్కును ఆ కెమెరాలోనే 'క్లోజ్' చేస్తేగాని బయట ఆడదట, ఆ మాట చెప్పడం మరిచాడట. కెమెరా చూస్తే అతని దగ్గరే ఉంది. గుమ్మంలో వంతు కోసం ఆగిన జనం. నాకు ఏడుపొచ్చేసింది.

నాతో వచ్చిన వదిన సంచిలోంచి టేపు కెమెరా తీసి, పక్కనున్న చిన్న తెర తెరిచింది. డాక్టరమ్మ రెండుసార్లు చూశారు. మెలకువ వస్తే ఎప్పుడూ ఇలాగే ఆగుతుందా అని అడిగారు. ఆగుతుందన్నాను.

"ఇది మూర్ఛ కాదమ్మా. కొందరు పిల్లలకు నిద్రలో వచ్చే అదురు, అంతే. దానంతటదే పోతుంది. మందు కూడా అక్కర్లేదు."

టేపు ఆపాలని ఎవరికీ తోచలేదు. బొమ్మ ఒక్కసారి గెంతి, బడి స్టేజీ మీద గిర్రున తిరుగుతున్న పిల్ల కనిపించింది. మా వదిన కూతురు. వదిన గబుక్కున తెర మూసేసింది.

దారిలో అడిగాను. ఆ మధ్యాహ్నం చేతిలో ఖాళీ టేపు లేదట, ఉన్న డాన్సు మీదే తీసేసిందట.

"మరి డాన్సు మొదటి సగం?"

"దానికి కాళ్ళున్నాయి, మళ్ళీ ఆడుతుంది. నువ్వు ముందు ఇంటికెళ్ళి అన్నం తిను."

తిన్నాను. రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

ఆదివారం మేనకోడలి చేత మా ముందుగదిలో డాన్సు మొత్తం మళ్ళీ ఆడించాను. మరిది కెమెరాలో కొత్త డిస్కు పెట్టి నేనే తీశాను. క్లోజ్ చేసేదాకా అతన్ని కదలనివ్వలేదు. మా ప్లేయర్లో వేసి, ఆడుతోందని చూసుకున్నాకే వదిన చేతిలో పెట్టాను. టేపు మాత్రం అడిగి నా దగ్గర ఉంచుకున్నాను. పాప బడికెళ్ళే ఏడాది దానికి చూపిస్తాను.