మేరమ్మ కొప్పులో పన్నెండు ఆకులు

పోర్ట్‌బ్లెయిర్‌లో డైరీ ఫార్మ్ అనే పేటలో ఉండే మేరమ్మ వేపపుల్లతో పళ్ళు తోముకోవడం మానేసి ముప్పై ఏళ్ళయింది. పుల్ల నోట్లో పెట్టుకుని, నాలుగు సార్లు నమిలి, పుక్కిలించి వచ్చేసరికి కొప్పులో వేపరెమ్మ! పొద్దున్నే వంటపని వదిలేసి ఆ ఆకులు పీక్కుంటూ కూచునే ఓపిక ఎవరికుంటుంది? అందుకని పేస్టుకి మారింది. పులుసు ఉప్పు చూడ్డానికి చెక్క తెడ్డు ముట్టుకోదు, స్టీలు గరిటే. పలావులో దాల్చినచెక్క పంటికింద పడిందంటే మాత్రం ఇక తప్పదు, చెయ్యి కడుక్కునేలోగా తలలో రెండు దాల్చినాకులు తయారు. మొగుడు ప్రేమయ్య వాటిని తుంచి, కడిగి, మర్నాటి వంటకి డబ్బాలో దాస్తాడు. హార్బరులో పనిచేసి రిటైరైన మనిషి, ఏదీ పారేయనివ్వడు.

ఏ చెట్టు చెక్క నాలుకకి తగిలితే ఆ చెట్టు ఆకు ఆమె కొప్పులో మొలుస్తుంది. అంతే. ఆ వీధిలో ఒకరికి పొద్దున్నే తుమ్ములు, ఒకరికి వానొచ్చే ముందు మోకాలినొప్పి, మేరమ్మకి ఇది. పెళ్ళైన కొత్తలో కలపమిల్లులో రంపపు పొట్టు ఊడ్చే పనికి చేరింది. రెండోరోజో మూడోరోజో పొట్టు ఎగిరి నోట్లో పడి, కొప్పులో పడాక్ చెట్టు ఆకు మొలిచింది. మేస్త్రీ చూసి, "ఒలమ్మా, ఇలాటిదానివి నీకు చీపురేటి!" అని మర్నాటినుంచి దుంగల దగ్గర కూచోబెట్టాడు. ఖరీదైన పడాక్ అని చెప్పి చవక గర్జన్ చెక్క అంటగడదామని వచ్చిన కాంట్రాక్టర్లు ఆమె కొప్పు వంక ఓసారి చూసి లారీ వెనక్కి తిప్పుకునేవాళ్ళు. కొత్త చెక్కయితే ఆకు పచ్చగా వస్తుంది. పాత చెక్కయితే పండిపోయి వస్తుంది. నీళ్ళు తాగిన చెక్కయితే వాడిపోయి వేలాడుతుంది. ఇరవై రెండేళ్ళు ఆమె కొప్పు ఎప్పుడూ తప్పు చెప్పలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం మేరమ్మ చేపలు తోముతూండగా కూతురు షెరిన్ గుమ్మంలోకొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా మెట్టు మీద కూలబడింది. సముద్రం ఒడ్డున హోటల్లో షెరిన్ బారు ఇన్‌చార్జి. ఆ వేళప్పుడు ఇంటికి రావడం ఏనాడూ లేదు.

"ఏటయ్యిందే?"

"తాళాలు తీసేసుకున్నారమ్మా."

మేరమ్మ చేప వదిలేసి చేతులు కడుక్కుంది. ప్రేమయ్య రేడియో కట్టేశాడు. షెరిన్ ఏడుపు మింగుతూ చెప్పుకొచ్చింది.

హోటలు ఓనరు గోపినాథ్‌గారు ఎక్కడెక్కడో తిరిగి ఒక బోర్బన్ సీసా సంపాదించాడు. అమెరికా విస్కీ, లిమిటెడ్ ఎడిషన్. ప్రపంచం మొత్తం మీద కొన్ని వందల సీసాలే చేశారట. పన్నెండేళ్ళు ఓక్ అనే చెట్టు చెక్కతో చేసిన పీపాలో ఉంచి, చుక్క నీళ్ళు కలపకుండా నింపింది. నూట ముప్పై ఆరు ప్రూఫు. అంటే సీసాలో మూడింట రెండు వంతులు అసలు సారమే! ఆ సాయంత్రం ఇరవై మంది అతిథులకి దాన్ని ఇంకో మూడు విస్కీల పక్కన పెట్టి రుచి చూపించాలని ఏర్పాటు. నడిపించడానికి విశాఖపట్నం నుంచి లోకనాథంగారు వచ్చాడు. విస్కీ రుచి చూసి చెప్పడంలో పేరున్నవాడు. గాలి తగలాలి, ఒకరోజు ముందే మూత తీసి ఉంచండి అని ఫోన్‌లో చెప్పిందీ ఆయనే. షెరిన్ తీసి, అలమారలో పెట్టి, తాళం వేసింది.

"ఇవాళ పదకొండింటికి ఆయన ఒక గుక్క తాగి, ఇది బోర్బనేంటి, గోరువెచ్చని నీళ్ళు అన్నాడమ్మా. ఎవరో అసలుది తాగేసి ఏదో నింపారన్నాడు. తాళం నా దగ్గరే కదా. సాయంత్రం లోపల ఒప్పుకో, లేదంటే రేపటినుంచి రావద్దు అన్నారు గోపినాథ్ సార్."

"నువ్వు ముట్టుకున్నావా?"

"అమ్మా!"

"అడగాలి కదే. అడిగాను, అయిపోయింది."

పోర్ట్‌బ్లెయిర్ ఎంత ఊరు? సీసా మార్చిన పిల్ల అని ఒకసారి పేరు పడితే హేవ్‌లాక్ దీవి దాకా ఏ హోటలూ గేటు తియ్యదు. ఆ పని కోసం షెరిన్ ఎంత కష్టపడిందో మేరమ్మకి తెలుసు. ఏడేళ్ళ కిందట గ్లాసులు తుడవడంతో మొదలుపెట్టింది. పుస్తకాలు తెప్పించుకుని చదివింది. ఖాళీ సీసాలు ఇంటికి తెచ్చి, కళ్ళు మూసుకుని వాసన చూసి పేర్లు చెప్పుకునేది. ఆ అండమాన్ దీవుల్లో పుట్టిన ఆడపిల్ల ఒక బారు తన చేతుల్లో పెట్టుకుని నడిపిందంటే అది షెరినే.

"నీ నాలుక ఉందిగా, పీపా చెక్కేదో చెప్పెయ్యదా," అన్నాడు ప్రేమయ్య నెమ్మదిగా.

"నా నాలుకా? బారులోకా?" మేరమ్మ రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుంది. "బాప్తిస్మం తీసుకున్న నోరయ్యా ఇది!"

"మింగమన్నానా? నాలుక్కి తగిలించి ఉమ్మెయ్. పిల్ల మీద నింద పడితే చూస్తూ కూచోమని ఏ వాక్యంలో ఉందో చూపించు."

మేరమ్మ లేచి, మిల్లులో రోజూ చేసినట్టే ఉప్పునీళ్ళతో మూడుసార్లు పుక్కిలించింది. ఆదివారం కట్టుకునే తెల్లచీర కట్టుకుంది. జడ విప్పి, నూనె రాసి, దువ్వి, గట్టిగా కొప్పు చుట్టి, పిన్నులు గుచ్చింది. "పద," అంది కూతురితో. ఆటోలో దారి పొడుగునా లోపల్లోపల దేవుడితో గట్టిగానే మాట్లాడుతూ ఉంది.

బారులో కాలు పెడుతూనే ఆమెకి ఆశ్చర్యం వేసింది. పాపం గూడుకట్టుకుని ఉంటుందనుకున్న చోటు ఆస్పత్రిలా శుభ్రంగా ఉంది. గ్లాసులన్నీ తలకిందులుగా వేలాడుతున్నాయి. కూతురు తుడిచి పెట్టిన బల్ల మీద వేలితో ఒక గీత గీసి చూసింది. దుమ్ము లేదు.

"రండి ఆంటీ, బైఠియే," అని బార్‌మ్యాన్ ఉమేష్ కుర్చీ లాగాడు. వచ్చిన పని షెరిన్ చెప్పగానే గోపినాథ్ లేచి నిలబడ్డాడు. ఆ ఊరి డిగ్నాబాద్ పేటలోనే పుట్టిన మనిషి. అతని నాన్న ఇల్లు కట్టినప్పుడు తలుపుల చెక్క పరీక్షించింది మేరమ్మే. "అమ్మా, మీరే చూస్తానంటే నాకు అంతకంటే ఏం కావాలి? మీరు ఎలా చెబితే అలా," అన్నాడు.

లోకనాథం కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఆకు రావడానికి ఎంతసేపు పడుతుందమ్మా?"

"పది లెక్కెట్టండి."

"ఒకదాని ఆకులు తీసేశాకే రెండోది చూద్దాం. కలిసిపోకూడదు," అన్నాడాయన. ఉమేష్ పేర్లు కనబడకుండా సీసాలకి గుడ్డలు చుట్టి, నాలుగు తెల్ల ప్లేట్లు వరసగా పెట్టాడు. ఉమ్మడానికి చిన్న స్టీలు బకెట్టు తెచ్చాడు. మేరమ్మ మొహమాటపడుతుంటే లోకనాథమే, "మేమూ ఉమ్మేస్తామమ్మా, లేకపోతే రోజుకి నలభై రకాలు చూసి ఇంటికెలా వెళ్తాం?" అన్నాడు. అది విన్నాక ఆవిడ మనసు కొంచెం కుదుటపడింది.

మొదటిది హోటల్లో రోజూ అమ్ముడుపోయే మామూలు విస్కీ. షెరిన్ పోస్తూ, గ్లాసు వాసన చూసి, తనలో తను అనుకున్నట్టు, "చెక్క మొహం చూడలేదు," అంది. మేరమ్మ నాలుక తడిపి ఉమ్మింది. పది లెక్కపెట్టారు, ఇరవై లెక్కపెట్టారు. కొప్పు కొప్పులాగే ఉంది.

"రంగూ వాసనా కలిపిన సారా ఇది బాబూ," అంది మేరమ్మ. గోపినాథ్ గోడ వైపు చూశాడు.

రెండోది స్కాట్లాండు విస్కీ. "పాత పీపా," అంది షెరిన్. "అంతకుముందు అందులో ద్రాక్షసారా ఉండేది." మేరమ్మ ఉమ్మేలోపే కొప్పులో ఓక్ ఆకులు బయటికొచ్చాయి. అంచులు అలల్లా తిరిగిన ఆకులు, పండిపోయి, పసుపురంగులో. ఉమేష్ ఒక్కొక్కటే తీసి ప్లేట్లో పెట్టి లెక్కపెట్టాడు. పది. గుడ్డ తీసి చూస్తే సీసా మీద కూడా పదేళ్ళనే ఉంది. లోకనాథం ఒక ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కిస్‌మిస్ వాసన.

మూడోది మన దేశపు మాల్టు విస్కీ. "ఎండలో పెరిగింది," అంది షెరిన్. "నాలుగేళ్ళకే ముదిరిపోయింది." నాలుగంటే నాలుగే ఆకులొచ్చాయి, అరచేతులంత. లోకనాథం ఈసారి ఆకులు చూడలేదు, షెరిన్‌ని చూశాడు.

నాలుగోది బోర్బన్. షెరిన్ రెండు చేతులతో సీసా పట్టుకుని పోసింది. గ్లాసు వాసన చూసింది, కళ్ళు మూసుకుంది. "కొత్త ఓక్ పీపా. లోపలంతా నిప్పుతో కాల్చి బొగ్గుపొర పట్టించారు. పన్నెండేళ్ళు. ఇందులో నీళ్ళు లేవు సార్. ప్రమాణం చేసి చెబుతాను."

మేరమ్మ ప్రార్థన చేసుకుని గ్లాసెత్తింది.

"అమ్మ బాబోయ్!" అంది మరుక్షణం. చెవులు వేడెక్కాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మంట వెనకాలే బెల్లం పాకం వచ్చింది. దాని వెనక మాడిన కొబ్బరి, దాని వెనక క్రిస్మస్ కేకు. ఇన్ని రుచులు ఒక చుక్కలో ఎక్కడ దాక్కున్నాయో ఆమెకి అర్థం కాలేదు. బకెట్టులో ఉమ్మింది, కాస్త ఆలస్యంగానే ఉమ్మింది. ఆ మాట ఆమెకీ దేవుడికీ మధ్య.

ఎవరూ లెక్కపెట్టలేదు, లెక్కపెట్టే అవసరమే రాలేదు. పిన్నులు టప్‌టప్‌మని ఊడి నేలమీద పడ్డాయి. కొప్పు చుట్టూ ఓక్ ఆకులు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. పచ్చగా, నిక్కబొడుచుకుని, ఒక్కోదాని అంచు నిప్పు తగిలినట్టు నల్లగా. ఉమేష్ గొంతు పెంచి లెక్కపెట్టాడు. పన్నెండు. ఒక్క ఆకూ వాడలేదు, ఒక్క ఆకూ వంగలేదు.

"నా కూతురు దొంగ కాదు," అంది మేరమ్మ. ఆ మాట చెప్పడానికి ఆమె గొంతు పెంచలేదు.

గోపినాథ్ జేబులోంచి తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. "తప్పయిపోయింది షెరిన్," అన్నాడు. షెరిన్ వెంటనే అందుకోలేదు. కాసేపు అలా ఉండనిచ్చి, అప్పుడు తీసుకుంది.

లోకనాథం మాత్రం తల పట్టుకున్నాడు. "సీసా నిజం. మరి నా నాలుక్కి ఏమైంది?"

మేరమ్మకి చెక్క చూసేముందు నోరు పుక్కిలించే మిల్లు రోజులు గుర్తొచ్చాయి. "బాబూ, అది నోట్లో పెట్టుకునేముందు ఏటి తిన్నారు?"

ఉమేష్ రెండు చెవులూ పట్టుకున్నాడు. "నేనే ఆంటీ. షెరిన్ దీదీ ఉత్త బిస్కెట్లే పెట్టమంది. ఖాళీ కడుపుతో మనింటికొచ్చిన మనిషికి మందెలా పోస్తాం? అందుకని రొయ్యల వేపుడు పెట్టాను. ధానీ మిర్చి వేసి."

దీవుల్లో పెరిగినవాళ్ళకి ధానీ మిర్చి చిన్నప్పటినుంచి అలవాటు. గోరంత మిరపకాయ, కొత్తవాళ్ళు తింటే సాయంత్రం దాకా నాలుక మొద్దుబారి పడుంటుంది. అతిథికి ముందు ఏదో ఒకటి కరకరలాడేది పెట్టకుండా గ్లాసు ఇవ్వడం ఇక్కడి ఏ ఇంట్లోనూ లేదు. ఉమేష్ మర్యాదే చేశాడు, ఆ మర్యాదే షెరిన్ మెడకి చుట్టుకుంది.

"ఎంత తిన్నారేటి?" అంది మేరమ్మ.

"బాగుందని మూడు ప్లేట్లు," అన్నాడు లోకనాథం సిగ్గుపడుతూ. నవ్వకూడదనుకున్న గోపినాథే ముందు నవ్వాడు. నవ్వులయ్యాక లోకనాథం లేచి షెరిన్ ముందు నిలబడ్డాడు. "నిన్ను మాటన్నాను, క్షమించమ్మా. ఇంకో సంగతి. ఆకు రాకముందే నాలుగూ నువ్వు చెప్పేశావు. వాసనతో. ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, నేను కూడా గుక్క తాగితే గాని చెప్పలేను. ఇవాళ నా నాలుక పనికిరాదు. సాయంత్రం నువ్వే నడిపించాలి."

"నేనా? నేను బారు చూసుకునేదాన్ని సార్."

"ఇవాళ్టినుంచి ఇక్కడ ప్రతి టేస్టింగూ నువ్వే చేస్తావు. కార్డుల మీద నీ పేరే వేయిస్తాను," అన్నాడు గోపినాథ్. మేరమ్మ వైపు తిరిగి, "మీరు కూడా వస్తే అమ్మా, ఆకులు..." అనబోయాడు.

"నేను సాక్ష్యానికొచ్చాను బాబూ, ఉద్యోగానికి కాదు. నా పని అయిపోయింది. దాని పని దాన్ని చెయ్యనియ్యండి."

ఆ ఊళ్ళో అయిదు దాటగానే పొద్దు కూకుతుంది కాబట్టి నాలుగున్నరకే అతిథులొచ్చారు. షెరిన్ నల్లకోటు వేసుకుని వాళ్ళ ముందు నిలబడింది. కాసేపు హిందీ, కాసేపు ఇంగ్లీషు, నడుమ నడుమ తెలుగు. మామూలు విస్కీ గురించి ఓనరు ఎదురుగానే నిజం చెప్పింది. స్కాట్లాండు విస్కీలో కిస్‌మిస్ వెతకమంది, మన మాల్టులో ఎండని చూడమంది. బోర్బన్ దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించింది. "ఇది బలమైంది, తొందరపడితే కొడుతుంది. ముందు ఒక్క చుక్క నాలుక మీద వేసుకోండి. తర్వాత రెండే రెండు చుక్కల నీళ్ళు. అప్పుడు తలుపు తీస్తుంది." ఇరవై మందీ అలాగే చేశారు. తర్వాత అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. వెనక నిలబడ్డ లోకనాథమే ముందు చప్పట్లు కొట్టాడు.

మేరమ్మ చివరి వరసలో కూచుంది, కొప్పులో పన్నెండాకులతో. పక్కన ఎవరో గబుక్కున గ్లాసు హ్యాండ్‌బ్యాగు వెనక్కి తోసినట్టయితే తిరిగి చూసింది. చిన్నమ్మి! ప్రతి ఆదివారం చర్చిలో ఆమె పక్కనే కూచునే మనిషి. మొగుడితో పాటు పిలుపు మీద వచ్చినట్టుంది.

"నువ్వేటి మేరమ్మా ఇక్కడ?" అంది చిన్నమ్మి గుసగుసగా. "ఆ మాట్లాడేది మీ షెరిన్ కాదూ? హోటల్లో ఏదో పని అన్నావు?"

నిజమే. ఏడేళ్ళుగా చర్చిలో ఎవరడిగినా మేరమ్మ 'హోటల్లో పని' అని మాట దాటేసేది. ఇప్పుడు మాట దాటెయ్యలేదు. ముందు వరసలవాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూసేలా చెప్పింది.

"బారు ఇన్‌చార్జి. ఈ దీవుల్లో దానంత తెలిసినవాళ్ళు లేరంటున్నారు. నేను కన్నపిల్ల." హ్యాండ్‌బ్యాగు వైపు వేలు చూపించింది. "ఆ గ్లాసెందుకు దాస్తావు చిన్నమ్మీ, ఇలా తే. ముందు వాసన చూడు. తర్వాత ఒక్క చుక్క నాలుక మీద. మా అమ్మాయి చెప్పినట్టు చెయ్యి."